ఖయాలీ లైన్‌కు అసలీ మాల్

నమూనా రైలు షౌక్ ఉన్నవాళ్లు ముందు ఇంజన్ కొంటారు. తర్వాత పట్టాలు. ఆ తర్వాత రెండు పెట్టెలు, ఒక స్టేషన్, రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగేసి చల్లిన గడ్డి. మాల్‌గాడీ సంగతి ఆఖర్లో, అదీ పైసలు మిగిలితే. నా మాట దీనికి పూర్తిగా ఉల్టా. లైన్ ఖయాలీదైతే, ఊళ్లు మన దిమాగ్‌లోంచి పుట్టినవైతే, అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది మాల్ సంగతే. ఆ ఊరి నుంచి ఏం పోతుంది, ఏం వస్తుంది, ఎవరు పంపుతారు, ఎవరు దించుకుంటారు? ఈ సవాళ్లకు జవాబ్ లేకుండా వేసిన లైన్ మీద ఎంత ఖరీదైన ఇంజన్ నడిపినా అది బొమ్మలాగే ఉంటుంది. జవాబ్ ఉంటే అట్టముక్కతో చేసిన డబ్బా కూడా వ్యాగన్ అవుతుంది.

మా తమ్ముడి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. డాబా మీద గదిలో పాత తలుపు చెక్కలు రెండు కలిపి లైన్ వేస్తున్నాడు. వాడి దగ్గర ఒక డీజిల్ ఇంజన్, దాని వెనక బొగ్గు వ్యాగన్లు మూడు, ఆయిల్ ట్యాంకు ఒకటి, ఏదో విదేశీ కంపెనీ పేరున్న ఎర్ర డబ్బా ఒకటి ఉన్నాయి. "ఈ ట్యాంకు ఎక్కడికి పోతోంది బేటా?" అని అడిగాను. "గుండ్రంగా పోతోంది చాచా" అన్నాడు. అబద్ధమేం చెప్పలేదు పాపం. అది గుండ్రంగానే పోయి, పోయిన చోటికే వస్తోంది. బొగ్గు వ్యాగన్లు కూడా నిండుగా పోయి, నిండుగానే తిరిగొస్తున్నాయి.

నేను కాస్త తకరార్ పెట్టుకునేసరికి వాడు అసలైన మాట అనేశాడు: "ఇది ఖయాలీ లైన్ కదా చాచా. ఖయాల్‌కు హిసాబ్ కైకూ?"

ఈ మాట వాడొక్కడిదే కాదు, ఈ షౌక్‌లో ఉన్న పెద్దవాళ్లూ అంటారు. తప్పు పట్టాల్సిన మాట కూడా కాదు. బడి, ట్యూషన్, ఎంసెట్ ఇవన్నీ హిసాబే అయినప్పుడు, ఇంట్లో ఒక్క చెక్క మీదైనా పిల్లాడి మర్జీ నడవాలి కదా అనిపిస్తుంది. కానీ నాకు మర్జీ మీద ఒక ఏత్‌రాజ్ ఉంది. కథ రాసేవాడు ఊరి పేరు కల్పించుకోవచ్చు, ఊళ్లో మనుషుల్ని కల్పించుకోవచ్చు. ఆ ఊళ్లో జూన్ నెలలో మామిడి చెట్టుకు పూత మాత్రం పూయించలేడు. పూయించాడా, చదివేవాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఖయాలీ రైలు లైన్‌కూ ఇదే ఖాయిదా. పైగా ఖాజీపేటనో గుంతకల్‌నో ఉన్నదున్నట్టు నకల్ చేసేవాడికి ఈ బాధ తక్కువ. అక్కడ ఏ సైడింగ్ ఎందుకు పడిందో అసలు రైల్వే వాళ్లు ఎప్పుడో ఆలోచించి పెట్టారు. కల్పించుకున్నవాడి కోసం ఎవరూ ఆలోచించి పెట్టలేదు. అంతా తనే చేసుకోవాలి. అందుకని హిసాబ్ ఎక్కువ కావాల్సింది ఖయాలీ లైన్‌కే.

ఈ షౌక్‌ను ఒక ఇల్మ్ స్థాయికి తెచ్చినవాళ్లలో అమెరికావాళ్లు ముందుంటారు. ఫ్రాంక్ ఎల్లిసన్ అని న్యూ ఆర్లీన్స్‌లో ఒకాయన 'డెల్టా లైన్స్' అనే ఖయాలీ రైల్వేను నడిపాడు. ఆయన దీన్ని నాటకంతో పోల్చి రాశాడు. చెక్క మీద వేసిన ఊరు రంగస్థలం, బండ్లు పాత్రధారులు, టైంటేబుల్ కథ. తర్వాతి తరంలో అలెన్ మెక్లెలండ్ అని ఒహాయోలోని డేటన్‌లో ఇంకొకాయన. ఆయన రైల్వే పేరు 'వర్జీనియన్ అండ్ ఒహాయో'. అపలాచియన్ కొండల్లోంచి బొగ్గు తెచ్చే లైన్ అది. నిజంగా అలాంటి కంపెనీ ఎన్నడూ లేదు. కానీ ఆ కొండల్లో బొగ్గు నిజం, ఆ బొగ్గు కొనే ఊళ్లు నిజం, బండ్లు అందుకునే పక్క రైల్వేలు నిజం. ఆయన గట్టిగా పట్టుకున్న ఖయాల్ ఏమిటంటే, మన లైన్ గది గోడ దగ్గర ఆగిపోదు, గోడకు అవతల మొత్తం దేశం ఉంది, ప్రతి వ్యాగన్ అక్కడి నుంచి వచ్చి అక్కడికే పోతుంది. ఇంకో మాట కూడా ఆయనదే. ప్రతి వ్యాగన్ మీదా ప్రతి మేకునూ చూపించనక్కర్లేదు, మొత్తం మీద నమ్మేలా ఉంటే చాలు. నాకు ఈ రెండో మాట ఇంకా నచ్చింది, ఎందుకంటే మన ఇళ్లలో అంత జాగా లేదు, అన్ని పైసలూ లేవు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, మాఫ్ చేయండి. నేను బడి అంతా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేశాను. రెండు భాషల మధ్య గోడ ఉందని ఇద్దరు మాస్టార్లూ చెప్పారు. గూడ్స్ షెడ్డుకు పోతే ఆ గోడ కనిపించదు. రవానా, రసీదు, కిరాయి, బస్తా, హమాలీ, దలాల్ అన్నీ అరబ్బీ ఫార్సీ నుంచి ఉర్దూలోకొచ్చి, అక్కడి నుంచి తెలుగు మార్కెట్ యార్డులో స్థిరపడిన మాటలు. ఆఖరికి 'నమూనా' కూడా ఫార్సీయే. నమూనా రైల్వే కోసం మనవాళ్లు మాటలు కొత్తగా వెతుక్కోవాల్సిన పని లేదు.

మాటల్లోనే కాదు, ఊళ్ల పేర్లలో కూడా మాల్ ఉంది. కాగజ్ అంటే కాగితం, కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు ఉంది. శక్కర్ అంటే చక్కెర, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1930ల చివర్లో వచ్చాక ఆ బస్తీ శక్కర్‌నగర్ అయింది. స్టేషన్ బోర్డు చూడగానే గూడ్స్ బండిలో ఏముందో చెప్పగలిగే ఊళ్లు దేశంలో ఎన్ని ఉంటాయి? కాగజ్‌నగర్ మిల్లు 2014లో ఆగి 2018లో మళ్లీ మొదలైంది. బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇప్పుడు పుడుతున్న పిల్లలకు శక్కర్‌నగర్ ఒట్టి పేరు.

కాబట్టి మా వాడికి చెప్పాను, నీ లైన్ కోసం అమెరికా వెతుక్కోకు, ఇక్కడే పెట్టు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా పోయే మీటర్ గేజ్ లైన్ ఒకటి 1900 ప్రాంతంలో వచ్చింది. ఇప్పుడది బ్రాడ్ గేజ్. జానకంపేట దగ్గర బోధన్‌కు బ్రాంచి చీలినట్టే, ఇంకాస్త దూరాన మన బ్రాంచి ఒకటి చీలిందనుకో. జంక్షన్ పేరు వేపలపల్లి. ఆఖరి స్టేషన్ మిస్రీగూడ. అక్కడ ఒక చిన్న చక్కెర మిల్లు. సాల్ 1967, చలికాలం. మీటర్ గేజ్ వైజీ ఇంజన్ల జమానా. సౌత్ సెంట్రల్ రైల్వే 1966 అక్టోబర్‌లోనే పుట్టింది కాబట్టి చాలా వ్యాగన్ల మీద ఇంకా సెంట్రల్ రైల్వే అక్షరాలే ఉంటాయి. ద్రోణాచలం వైపు నుంచి సదరన్ రైల్వే బండ్లు కూడా వచ్చి కలుస్తాయి. చూడండి, సాల్ ఒక్కటి ఖాయం చేస్తే ఎన్ని సంగతులు వాటంతట అవే తేలిపోయాయో.

పట్టాల గొడవ ఒక ముక్కలో చెప్పేస్తాను. హెచ్‌ఓ స్కేల్ అంటే అసలుకు 87వ వంతు. ఆ లెక్కన మీటర్ గేజ్‌కు 12 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. దొరకడం కష్టం. మామూలుగా దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడపమన్నాను. పట్టాల వెడల్పులో నాలుగున్నర మిల్లీమీటర్ల అబద్ధాన్ని నేను మాఫ్ చేస్తాను. చక్కెర మిల్లుకు రోజూ బొగ్గు బండి పంపే అబద్ధాన్ని మాత్రం చేయను.

ఎందుకంటే మా వాడు మొదట చేసిన పని అదే. మిల్లు అనగానే పొగగొట్టం, పొగగొట్టం అనగానే బొగ్గు అనుకున్నాడు. చక్కెర మిల్లు తన పొయ్యిలో తన పిప్పినే కాలుస్తుంది. చెరకు నలిపాక మిగిలే పిప్పి బరువు చెరకులో దాదాపు 30 శాతం. బాయిలర్‌కు అదే తిండి. క్రషింగ్ మొదట్లో రాజేయడానికి కట్టెలో కాస్త బొగ్గో కావాలి, అంతే. చెరకు కూడా రైల్లో రాదు. పక్క ఊళ్ల నుంచి ఎడ్లబండ్ల మీద వస్తుంది. రాత్రంతా మిల్లు గేటు ముందు బారులు తీరి ఉంటాయి. అవి చేయాలంటే అగ్గిపుల్లలు, జిగురు చాలు. రైలు బోర్డు మీద రైలెక్కని మాల్ కూడా కనిపించాలి, అప్పుడే ఎక్కే మాల్‌కు వజన్ వస్తుంది.

ఇక అసలు హిసాబ్. మన ఖయాలీ మిల్లు రోజుకు వెయ్యి టన్నుల చెరకు ఆడుతుందనుకుందాం. నూటికి పది చొప్పున వంద టన్నుల చక్కెర. అప్పట్లో క్వింటాల్ బస్తాలు కాబట్టి వెయ్యి బస్తాలు. చిన్న నాలుగు చక్రాల మీటర్ గేజ్ వ్యాగన్‌కు పదిహేను టన్నులు వేసుకుంటే రోజుకు ఏడు మూత వ్యాగన్లు. మొలాసిస్ చెరకులో నాలుగు శాతం చొప్పున నలభై టన్నులు, అంటే ట్యాంకులు మూడు. వెయ్యి బస్తాలు నింపాలంటే రోజూ వెయ్యి ఖాళీ గోనెసంచులు రావాలి. ఒక్కో సంచి కిలో పైమాటే. ఒక వ్యాగన్ నిండా తెస్తే పది పన్నెండు రోజులకు సరిపోతాయి. చక్కెరను తెల్లబరచడానికి గంధకం, సున్నం కావాలి. ఇవి ఎప్పుడో ఒకసారి ఒక్కో బండి.

ఇప్పుడు గోడకు అవతల ఏముందో చూడండి. గోనెసంచులు జూట్ మిల్లుల నుంచి రావాలి. అవి కలకత్తా దగ్గరో నెల్లిమర్లలోనో ఉన్నాయి, అంటే తూర్పు నుంచి బ్రాడ్ గేజ్ మీద సికింద్రాబాద్ దాకా వచ్చి, అక్కడ బండి మారాలి. గంధకం బయటి దేశాల నుంచి బొంబాయి రేవులో దిగి మన్మాడ్ దాకా బ్రాడ్ గేజ్, అక్కడ బండి మార్పు. దీన్ని ట్రాన్‌షిప్‌మెంట్ అనేవారు. పేరు పెద్దదే, పని మాత్రం ఒక బండి తలుపులోంచి ఎదుటి బండి తలుపులోకి మనుషులు వీపుల మీద బస్తాలు మోయడమే. కాబట్టి మా వాడి చెక్కకు ఒక చివర పర్దా కట్టి 'సికింద్రాబాద్' అన్నాం. రెండో చివర పర్దా కట్టి 'మన్మాడ్' అన్నాం. పర్దా వెనక మూడేసి పట్టాలున్నాయి. అక్కడికి పోయిన బండి దేశంలోకి పోయినట్టు. గుండ్రంగా తిరగడం ఆ రోజుతో బంద్.

చక్కెర గురించి ఇంకో మజా సంగతి. చెరకు ఆడేది ఇంచుమించు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. కానీ చక్కెర సాల్ పొడుగునా పోతుంది. మిల్లు తన ఇష్టానికి అమ్ముకోవడానికి వీల్లేదు, ఎంత విడుదల చేయాలో సర్కారు నెలనెలా చెప్పేది. 1967లో కొంత లెవీ, కొంత ఖుల్లా బాజార్ అనే పద్ధతి వచ్చింది. లెవీ చక్కెర రేషన్ దుకాణాలకు. మన ఇళ్లలో అమ్మీలు, దాదీలు కార్డు పట్టుకుని లైన్లో నిలబడి తెచ్చుకున్న శక్కర్ అదే. కాబట్టి జూలైలో చెరకు బండ్లు, పొగ కనిపించకపోయినా గోదాం ముందు మూత వ్యాగన్లు ఉండాలి. మొలాసిస్ కూడా గుంటల్లో నిలవ ఉండి మెల్లగా పోతుంది. మౌసమ్ మారితే బండి మారాలి. ఇంత చిన్న బోర్డు మీద ఏడాదంతా ఒకే బండి నడిపితే మూడో నెలకే విసుగొచ్చి పిల్లాడు మళ్లీ ఫోన్ పట్టుకుంటాడు, ఈ హిసాబ్ వల్ల కలిగే ఒక దునియాదారీ ఫాయిదా అది.

రోజుకు పది వ్యాగన్లు మా చెక్క మీద పట్టవు. నాలుగుతో సరిపెట్టాం. ఇంత తగ్గించినా నిష్పత్తి నిలిచింది. మూత వ్యాగన్లు ఎక్కువ, ట్యాంకు ఒకటి, తెరిచి ఉన్న వ్యాగన్ ఎప్పుడో ఒకటి. బజార్లో పిల్లల సెట్టు కొంటే దీనికి పూర్తి ఉల్టాగా ఉంటుంది, రకానికి ఒకటి చొప్పున ఇస్తారు, పెళ్లి విందులో ప్లేటులాగా. అసలు రైల్వేలో రకాలు తక్కువ, ఒకే రకం బండ్లు ఎక్కువ. కొనాలనుకునే తల్లిదండ్రులకు నా సలహా, అయిదు రకాలు ఒక్కొక్కటి కాకుండా ఒకే రకం అయిదు కొనండి.

మిల్లు ఒక్కటే ఊరు కాదు. మిస్రీగూడకు ఉప్పు రావాలి, కిరోసిన్ రావాలి, షాబాద్ నుంచి సిమెంట్ రావాలి, ఎరువులు రావాలి. ఆ జిల్లా నేలకు తగ్గట్టు పసుపు బయటికి పోవాలి. వేసవిలో తునికాకు కట్టలు. బీడీల పెట్టెలు వ్యాగన్ నిండా ఉండవు, స్మాల్స్ అని చిల్లర మాల్ కోసం నడిచే ఒకే డబ్బాలో సైకిల్ సామాను, బట్టల మూటల పక్కన పోయేవి. నిజామాబాద్, ఆర్మూర్, కామారెడ్డి వైపు మన ఎన్ని ఇళ్లలో ఆడవాళ్ల వేళ్ల మీద ఆ బీడీలు తయారయ్యాయో మీకు వేరే చెప్పాలా? బోర్డు మీద అది ఒక పెట్టె, అగ్గిపెట్టెలో పావు వంతు ఉంటుంది. కానీ ఎవరి మెహనత్ ఎక్కడ బండెక్కిందో పిల్లాడు దాన్ని చేత్తో పెట్టినప్పుడు అడుగుతాడు. మా వాడు అడిగాడు. వాళ్ల నానీ చెప్పింది, రోజుకు వెయ్యి చుడితే ఎంత చేతికొచ్చేదో, తంబాకు దగ్గుతో సహా. నేను అంత బాగా చెప్పలేకపోయేవాణ్ని.

బొగ్గు పూర్తిగా మానేయమని కాదు. ఆవిరి ఇంజన్ కాలంలో రైల్వేకే బొగ్గు కావాలి. ఇల్లెందు, కొత్తగూడెం వైపు సింగరేణి బొగ్గు బ్రాడ్ గేజ్ మీద ఉంది కాబట్టి ఇదీ సికింద్రాబాద్ పర్దా వెనక బండి మారి రావాలి. మిస్రీగూడ చిన్న లోకో షెడ్డుకు వారానికి ఒక వ్యాగన్ చాలు. వచ్చేటప్పుడు నిండు, పోయేటప్పుడు ఖాళీ, లేదా పొయ్యి బూడిద. తెరిచిన వ్యాగన్ అబద్ధం చెప్పలేదు, అందరికీ కనిపిస్తుంది. అందుకని స్పాంజి ముక్క కోసి, దాని మీద జిగురు రాసి, దంచిన బొగ్గుపొడి అద్ది, వ్యాగన్‌లో పెట్టి తీసేలా చేశాం. పెద్ద జాగా ఉన్నవాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. ఒక గోడకు ఇటు గని, అటు కరెంటు ప్లాంటు పెట్టి, పట్టాలు గోడలోంచి కలిపేస్తారు. గనిలోకి తోసిన ఖాళీ బండ్లు అటు ప్లాంటులోంచి ఖాళీగా బయటికొస్తాయి. ప్లాంటులోకి తోసిన నిండు బండ్లు ఇటు గనిలోంచి నిండుగా వస్తాయి. చూసేవాడికి రెండు వైపులా హిసాబ్ సరిగ్గా ఉంటుంది.

ఖాళీ బండి మీద ఇంకొంచెం మాట్లాడతాను, ఎందుకంటే కొత్తవాళ్లు అసలు పట్టించుకోనిది ఇదే. రైల్వేకు ఖాళీ బండి నడపడం నష్టం. గోనెసంచులు తెచ్చిన మూత వ్యాగన్‌ను ఊడ్చి అదే రోజు శక్కర్ ఎక్కిస్తే కమాయి. ఉప్పు దించిన బండి, గంధకం దించిన బండి అలా పనికిరావు. వాటిని కడగాలి, లేదా ఇంకో మాల్ కోసం ఖాళీగా పంపాలి. మొలాసిస్ ట్యాంకులో కిరోసిన్ పోయరు, కిరోసిన్ ట్యాంకులో మొలాసిస్ పోయరు. ఈ నాలుగు నియమాలతోనే షంటింగ్‌లో అసలు ఆట మొదలవుతుంది. ఏ బండి ముందు లాగాలి, ఏది లూప్ లైన్లో పెట్టాలి, గూడ్స్ షెడ్డు ముందు ఉప్పు వ్యాగన్ అడ్డం ఉంటే దాని వెనక ఉన్న పసుపు వ్యాగన్‌ను ఎలా తీయాలి. వ్యాగన్‌ను గడువు దాటి నిలబెడితే డెమరేజ్, దించిన మాల్‌ను షెడ్డులోంచి తీసుకుపోకపోతే వార్ఫేజ్. మా వాడు ఇప్పుడు చెల్లెలి దగ్గర డెమరేజ్ వసూలు చేస్తున్నాడు, చాక్లెట్ల రూపంలో.

అమెరికావాళ్లు ప్రతి వ్యాగన్‌కూ ఒక కార్డు రాసి, దాని జేబులో బిల్లు పెట్టి, బిల్లు తిప్పినప్పుడల్లా కొత్త గమ్యం వచ్చేలా చేస్తారు. మంచి పద్ధతి. కానీ మన రైల్వేలో దానికి సరిపడే వస్తువులు ముందే ఉన్నాయి. వ్యాపారి బండి కోసం ఇండెంట్ పెడతాడు. మాల్ ఎక్కాక రైల్వే రసీదు, బాజార్ భాషలో ఆర్ ఆర్, చేతికొస్తుంది. అది పోస్టులో అటు వెళ్తే, చూపించినవాడికి మాల్ దక్కుతుంది. వ్యాగన్ పక్కన క్లిప్పులో లేబుల్ ఉంటుంది, ఎక్కడి నుంచి, ఎక్కడికి అని. మేం ఆ లేబుల్నే కార్డు చేశాం. స్టేషన్ల పేర్లు తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో, ఉర్దూలో. మా వాడిది ఇంగ్లిష్ మీడియం, ఉర్దూ మాట్లాడతాడు, చదవలేడు. 'మిస్రీగూడ' ఉర్దూలో రాయడానికి వాడికి ఒక సాయంత్రం పట్టింది. 'వేపలపల్లి' ఇంకా పూర్తి కాలేదు. పే, లామ్ మాటిమాటికీ కలిసిపోతున్నాయి.

ఇప్పటి కాలమే కావాలి, కరెంటు ఇంజనే కావాలి అనే పిల్లలు ఉంటారు. ఉండనీయండి. కానీ అప్పుడు ఆట మారుతుంది. ఒకటి రెండు వ్యాగన్ల చిల్లర మాల్‌ను రైల్వే 1980ల్లో దాదాపు వదిలేసింది. ఇప్పుడు పోయేది మొత్తం రేకు, ఒకే మాల్, ఒక చోట ఎక్కి ఒకే చోట దిగుతుంది. బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు దాదాపు 10.7 మీటర్లు, రేకులో 58 వరకు ఉంటాయి. హెచ్‌ఓలో కూడా ఏడు మీటర్లు దాటుతుంది, ఇంజన్ వేరే. మన హాలు, బెడ్రూం, వంటిల్లు కలిపినా మలుపు తిరగదు. పన్నెండు వ్యాగన్లతో సరిపెట్టుకుని సిమెంట్ ఫ్యాక్టరీయో కరెంటు ప్లాంటో పెట్టుకోవచ్చు, కానీ షంటింగ్ మజా తక్కువ. ఈ కాలంలోనే రకరకాల మాల్ కావాలంటే కాగజ్‌నగర్ లాంటి పేపర్ మిల్లును కాస్త పాతకాలానికి జరిపి పెట్టుకోమంటాను. వెదురు, బొగ్గు, సున్నం, రసాయనాలు లోపలికి, కాగితం బయటికి. ఒక్క గేటు దగ్గరే నాలుగు రకాల బండ్లు నిలబడతాయి.

మనుషుల సంగతి ఒకటుంది. హెచ్‌ఓ మనుషుల బొమ్మలంటే జర్మనీ ప్రైజర్ కంపెనీవి పేరున్నవి. సూట్‌కేసు పట్టుకున్న దొర, టోపీ పెట్టుకున్న దొరసాని, కుక్క. మన గూడ్స్ షెడ్డుకు వీళ్లు పనికిరారు. రంగు వేయని బొమ్మలు తెప్పించి, టిష్యూ కాగితంతో లుంగీ చుట్టి, సన్న తీగతో బస్తా కొక్కెం చేసి చేతికి అంటించాం. వీపు మీద బస్తా మోసే మనిషి కొంచెం వంగి ఉంటాడు కాబట్టి నడుము దగ్గర బ్లేడుతో కోసి వంచాలి. పాసింజర్ ప్లాట్‌ఫాం మీద పది మంది ఉంటే, గూడ్స్ షెడ్డు దగ్గర ఇరవై మంది ఉండాలని నా పట్టు. స్టేషన్ పక్క మొహల్లాల్లో పెరిగిన ఎవరినైనా అడగండి, ఆ చోట తెల్లారేది పాసింజర్ బండితో కాదు, వ్యాగన్ తలుపు తీసిన చప్పుడుతో. మెరిసే ఎక్స్‌ప్రెస్ ఒక్కటే తిరిగే బోర్డు చూస్తే నాకు ఆ మనుషులందరినీ ఎవరో చీపురుతో ఊడ్చేసినట్టు ఉంటుంది.

ఇంట్లో ఇప్పుడు తకరార్ మొలాసిస్ ట్యాంకు మీద నడుస్తోంది. లేబుల్ మీద గమ్యం ఏం రాయాలి చాచా అని వాడు అడిగాడు. మొలాసిస్ ఎక్కువగా పోయేది సారాయి, స్పిరిట్ తీసే డిస్టిలరీకి, అదే రాయమన్నాను. మా మర్దలు వంటింట్లోంచి వచ్చి, నా కొడుకు చేత్తో సారా బట్టీ పేరు రాయిస్తావా భాయీజాన్ అని నిలదీసింది. పశువుల దాణాలో కూడా వాడతారట కదా, అది రాయించమంది. దాణాకు పోయే మాట నిజమే, కానీ మొత్తం అక్కడికే పోదు. రెండు రోజుల బాతాఖానీ తర్వాత మూడు లేబుళ్లకు రాజీ కుదిరింది. రెండింటి మీద డిస్టిలరీ, సికింద్రాబాద్ వైపు. ఒకదాని మీద దాణా, మన్మాడ్ వైపు. ట్యాంకు ఒక్కటే కాబట్టి వరసగా మూడు ట్రిప్పులు. తిరుగు లేబుల్ మాత్రం మూడింటికీ ఒకటే: ఖాళీ, మిస్రీగూడ.